బేస్‌బాల్ గేమ్‌లో ఏ కంట్రోల్ ఎంచుకోవాలి: చేతికి నిజమా, స్కోర్‌కార్డుకి నిజమా?

అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ వీడియో గేమ్ ఎంఎల్‌బీ ద షోని మొదటిసారి తెరిస్తే వెంటనే ఆట మొదలవదు. ముందు ప్రశ్నలు వేస్తుంది. క్యాజువల్‌గా ఆడతారా, సిమ్యులేషనా, కాంపిటీటివా? బ్యాటింగ్‌కి జోనా, డైరెక్షనలా? పిచింగ్‌కి, అంటే బంతి వేయడానికి, ఐదు పద్ధతులు చూపిస్తుంది. ఫీల్డర్ త్రోలకి మళ్లీ వేరే జాబితా. గల్లీ క్రికెట్ ఆడుతూ పెరిగి, డాలస్ వచ్చాక మా అబ్బాయి లిటిల్ లీగ్ పుణ్యమా అని బేస్‌బాల్ నేర్చుకున్న నాకు, కొత్త ఊరి హోటల్లో మెనూ కార్డు చేతిలో పెట్టినట్టు అనిపించింది. పేర్లు చదవగలను, ప్లేట్లో ఏమొస్తుందో తెలీదు.

అందుకని రియలిస్టిక్‌గా అనిపించిన ప్రతిదాన్నీ ఆన్ చేసేశాను. మొదటి మ్యాచ్‌లో 19 స్ట్రైకౌట్లు. అంటే 27 అవుట్లలో 19 సార్లు, కొట్టాల్సిన బంతిని వదిలేసో, ఊపి తప్పో మూడేసి స్ట్రైకులు పడి, బంతిని మైదానంలోకి కొట్టకుండానే, ఫీల్డర్లకి పని పెట్టకుండానే వెనక్కి నడిచాను. మేజర్ లీగ్‌లో తొమ్మిది ఇన్నింగ్స్ మ్యాచ్‌లో ఒక పిచర్ తీసిన స్ట్రైకౌట్ల రికార్డే 20. నా మొదటి రోజే కంప్యూటర్ పిచర్‌కి ఆ రికార్డు దాదాపు కట్టబెట్టేశాను.

ఆ తర్వాత కొన్ని నెలలు అన్నీ మార్చి మార్చి ఆడాక ఒక సంగతి తెలిసింది. బేస్‌బాల్ గేముల్లో 'రియలిజం' అనే మాట కింద రెండు వేర్వేరు విషయాలున్నాయి. ఒకటి చేతికి తగిలే నిజం: బంతి వచ్చేస్తోంది, ఎక్కడ పడుతుందో నేనే చూడాలి, నేనే కొట్టాలి, తప్పితే నాదే తప్పు. రెండోది స్కోర్‌కార్డు నిజం: మ్యాచ్ అయ్యాక అంకెలు చూస్తే అసలు లీగ్‌లో జరిగిన మ్యాచ్‌లా ఉండాలి, గొప్ప బ్యాటర్ గొప్పగా, బలహీనుడు బలహీనంగా కనబడాలి. ఈ రెండూ ఒకే సెట్టింగ్‌లో దొరకడం అరుదు. చాలాసార్లు ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. మీకు ఏది కావాలో ముందే తేల్చుకుంటే సగం ఎంపిక అయిపోయినట్టే.

ముందు కొలతలు

అసలు ఆట ఎంత కష్టమో తెలిస్తే కంట్రోల్స్ ఎందుకు ఇన్ని ఉన్నాయో అర్థమవుతుంది. పిచర్ నిలబడే చోటు నుంచి బ్యాటర్ ముందుండే హోం ప్లేట్‌కి 60 అడుగుల 6 అంగుళాలు, అంటే 18.44 మీటర్లు. మన క్రికెట్ పిచ్ కంటే కాస్త తక్కువే. గంటకు 95 మైళ్ల వేగంతో వేసిన బంతి ప్లేట్ దాటడానికి సుమారు 0.4 సెకను పడుతుంది. బ్యాట్ లావు ఎక్కువలో ఎక్కువ 2.61 అంగుళాలు ఉండాలని నియమం. గుండ్రటి బంతిని గుండ్రటి కర్రతో కొట్టాలి. క్రికెట్ భాషలో చెప్పాలంటే వచ్చేవన్నీ ఫుల్‌టాస్‌లే, కానీ అన్నీ గాలిలో తిరుగుతుంటాయి.

అందుకే పదిసార్లు ఆడి మూడుసార్లు హిట్ కొట్టేవాడు అక్కడ స్టార్. మేజర్ లీగ్‌లోని అమెరికన్, నేషనల్ లీగ్‌లలో ఒక సీజన్‌కి పదికి నాలుగు సగటు దాటిన చివరి ఆటగాడు టెడ్ విలియమ్స్, 1941లో, 0.406 సగటుతో. అంటే స్కోర్‌కార్డు నిజంగా ఉండే గేమ్‌లో మీరు ఎక్కువసార్లు అవుటే అవుతారు. 'నాకు సిమ్యులేషన్ కావాలి' అని, మ్యాచ్‌కి 12 రన్స్ కొట్టకపోతే చికాకుపడేవాళ్లని నేను చూశాను. అద్దంలో కూడా చూశాను.

నేను ప్రతి కంట్రోల్‌నీ ఈ నాలుగు ప్రశ్నలతో చూస్తాను:

- ఫలితం ఎవరి నైపుణ్యాన్ని బట్టి వస్తోంది? నా బొటనవేలిదా, తెర మీది ఆటగాడి రేటింగ్‌దా?
- అసలు ఆటగాడు ఆలోచించేదే నేనూ ఆలోచిస్తున్నానా, లేక కేవలం గీతలు దిద్దుతున్నానా?
- ఇరవై మ్యాచ్‌ల తర్వాత అంకెలు నమ్మేలా ఉంటాయా?
- నేర్చుకోవడానికి ఎంత కాలం, ఆడటానికి ఎంత ఓపిక కావాలి?

ఒక మాట ముందే. బ్యాటింగ్, పిచింగ్, ఫీల్డింగ్‌లకి వేర్వేరు పద్ధతులు పెట్టుకోవచ్చు. అన్నీ కష్టమైనవి, లేదా అన్నీ సులువైనవి పెట్టుకోవాలని ఎవరూ చెప్పలేదు. ఈ సంగతి తెలియక చాలామంది విసిగిపోయి గేమ్ మూసేస్తారు.

బ్యాటింగ్: డైరెక్షనల్, జోన్

డైరెక్షనల్‌లో మీ పని ప్రధానంగా టైమింగ్. బంతి వచ్చినప్పుడు సరైన క్షణంలో బటన్ నొక్కాలి. ఎడమ స్టిక్‌తో పైకో, కిందకో, పక్కకో ఒత్తి బంతి ఎటు వెళ్లాలో కొంచెం ప్రభావం చూపొచ్చు. బ్యాట్ బంతి ఎత్తుకి చేరిందా లేదా అన్నది మాత్రం ఆ బ్యాటర్ రేటింగ్‌లు, బంతి పడిన చోటు బట్టి గేమే లెక్కేస్తుంది.

జోన్‌లో తెర మీద పీసీఐ అనే గుర్తు ఉంటుంది. బ్యాట్ ఎంత మేర అందుకోగలదో చూపే గుర్తు అది. ఎడమ స్టిక్‌తో దాన్ని బంతి వచ్చే చోటుకి జరపాలి, అదే సమయంలో కుడిచేత్తో బటన్ నొక్కాలి. రెండు పనులు, 0.4 సెకను. మామూలు స్వింగ్, కాంటాక్ట్ స్వింగ్, పవర్ స్వింగ్ అని మూడు బటన్లు. పవర్ స్వింగ్‌లో పీసీఐ చిన్నదవుతుంది, కాంటాక్ట్‌లో పెద్దదవుతుంది కానీ దెబ్బలో బలం తగ్గుతుంది. బ్యాటర్ మంచివాడైతే పీసీఐ పెద్దగా ఉంటుంది. మీ చేయి, అతని రేటింగ్ కలిసేది అక్కడే.

| చూడాల్సింది | డైరెక్షనల్ | జోన్ |
|---|---|---|
| మీ మీద భారం | టైమింగ్ | టైమింగ్, గురి రెండూ |
| రేటింగ్‌ల ప్రభావం | చాలా ఎక్కువ | ఉంది, కానీ మీ చేయి దాన్ని దాటగలదు |
| చేతికి నిజం | తక్కువ | బాగా ఎక్కువ |
| స్కోర్‌కార్డు నిజం | సహజంగానే వస్తుంది | కష్టస్థాయి సరిగ్గా పెడితేనే వస్తుంది |
| అలవాటయ్యే కాలం | ఒకటి రెండు రోజులు | కొన్ని వారాలు |

పట్టిక చూస్తే డైరెక్షనల్ పిల్లల ఆటలా, జోన్ పెద్దల ఆటలా కనబడుతుంది. నేను అలా అనుకోను. ఫ్రాంచైజీ మోడ్‌లో ఒక జట్టుని నాలుగైదు సీజన్లు నడపాలనుకునేవాళ్లకి డైరెక్షనలే నిజమైన ఆట. ఎందుకంటే అక్కడ మీ తొమ్మిదో నంబర్ బ్యాటర్ నిజంగానే తొమ్మిదో నంబర్‌లా ఆడతాడు. ఎవరిని కొనాలి, ఎవరిని కింది లీగ్‌కి పంపాలి అన్న నిర్ణయాలకి విలువ ఉంటుంది. జోన్‌లో చేయి తిరిగినవాడైతే ఎవరితోనైనా కొట్టేస్తాడు. మా అబ్బాయి అంతే. రేటింగ్ అడుగున ఉన్న బ్యాకప్ క్యాచర్‌తో సీజన్‌కి 40 హోం రన్లు కొట్టించాడు. వాడికి సంతోషం, నాకు మాత్రం ఆ స్కోర్‌కార్డు చూస్తే నవ్వొచ్చింది.

డైరెక్షనల్‌తో చిక్కు వేరే చోట ఉంది. టైమింగ్ సరిగ్గా కుదిరి, ఫీడ్‌బ్యాక్‌లో 'గుడ్' అని చూపించి, బంతి మాత్రం మెల్లగా సెకండ్ బేస్‌మన్ చేతిలోకి దొర్లుతుంది. ఎందుకలా అయిందో తెలీదు, నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. జోన్‌లో ఓడినా కారణం కళ్ల ముందే ఉంటుంది: పీసీఐ బంతికి అంగుళం కింద ఉంది, అందుకే పాపప్, అంటే బంతి గాల్లోకి లేచి తేలిక క్యాచ్. (టైమింగ్, గురి రెండూ పక్కాగా కుదిరినా లైన్ డ్రైవ్ సూటిగా ఫీల్డర్ గ్లవ్‌లోకి పోవచ్చు. దానికి బాధపడకండి, అసలు మైదానంలోనూ అంతే.)

క్రికెట్ నుంచి వచ్చిన మనవాళ్లకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మనకి ప్రతి బంతినీ ఆడాలనే దురద ఉంటుంది. వైడ్ వెళ్తున్నా బ్యాట్ పెట్టేస్తాం. బేస్‌బాల్‌లో స్ట్రైక్ జోన్ (ప్లేట్ పైన బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉండే ఊహా చట్రం) బయట వెళ్లే బంతిని వదిలేయడమే నైపుణ్యం. నాలుగు వదిలితే ఊరికే ఫస్ట్ బేస్ ఇస్తారు, దాన్నే వాక్ అంటారు. నా 19 స్ట్రైకౌట్లలో సగానికి పైగా నేల మీదకి పోతున్న స్లైడర్లకి (చివర్లో పక్కకి, కిందికి జారే బంతులకి) ఊపినవే. జోన్ పెట్టినా, డైరెక్షనల్ పెట్టినా మొదటి పది మ్యాచ్‌లలో ఒక నియమం పెట్టుకోండి: ప్రతి బ్యాటర్‌తోనూ ఒక్క స్ట్రైక్ పడేదాకా బ్యాట్ ఊపొద్దు. రన్స్ తక్కువొస్తాయి, కానీ కంటికి బంతి అలవాటవుతుంది.

కుడి స్టిక్‌తో స్వింగ్ చేసే పద్ధతి కూడా ఉంది. వెనక్కి లాగితే బ్యాటర్ అడుగు వేస్తాడు, ముందుకి తోస్తే బ్యాట్ తిరుగుతుంది. చేతికి ఇదే అన్నిటికంటే అసలు స్వింగ్‌లా ఉంటుంది. కానీ లాగడం, తోయడం అనే రెండు కదలికల్లో పోయే సమయం బటన్‌తో పోదు. పోటీగా ఆడేవాళ్లు బటన్‌నే ఇష్టపడటానికి కారణం అదే. ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ ఆడుకునేవాళ్లకి స్టిక్ బాగుంటుంది.

బంతి రాకముందే ఊహించే సౌకర్యం ఇంకొకటి. పాత 'గెస్ పిచ్'లో ఏ రకం బంతి వస్తుందో చెప్పాలి. 2025 ఎడిషన్‌లో 'ఆంబుష్ హిటింగ్' వచ్చింది. బంతి ప్లేట్‌కి లోపలి సగంలో వస్తుందా, బయటి సగంలోనా అని కుడి స్టిక్‌తో ముందే పందెం కాస్తారు. సరిపోతే పీసీఐ పెరుగుతుంది, తప్పితే తగ్గుతుంది. కొందరు దీన్ని మోసం అంటారు. నా లెక్కలో ఇది మొత్తం గేమ్‌లోనే బాగా నిజమైన సంగతుల్లో ఒకటి, ఎందుకంటే అసలు బ్యాటర్లు కూడా అంత తక్కువ సమయంలో చూసి కొట్టలేరు, ఊహించి ఎదురుచూస్తారు. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వారి ఎంవీపీ బేస్‌బాల్ 2005లో బంతి పిచర్ చేయి దాటే క్షణంలో రంగు మెరిసి ఏ రకం బంతో చెప్పేది. అసలు బ్యాటర్లు స్లైడర్ తిరుగుడులో దారపు కుట్లు ఎర్ర చుక్కలా కనబడతాయని చెబుతుంటారు. తెర మీద ఆ చుక్క కనబడదు కాబట్టి, దాని బదులు ఏదో ఒక సాయం ఇవ్వడం న్యాయమే.

పిచింగ్: ఐదు దారులు

ఇక్కడే ఎక్కువమంది తికమకపడతారు. అన్నిటిలోనూ బంతి రకం, వేయాల్సిన చోటు మీరే ఎంచుకుంటారు. తేడా అంతా ఆ తర్వాతే.

| పద్ధతి | మీరు చేసేది | ఎవరికి |
|---|---|---|
| క్లాసిక్ | చోటు చూపి బటన్ నొక్కడమే | ఆట నేర్చుకునేవాళ్లకి, చిన్నపిల్లలకి |
| పల్స్ | పెరిగి తగ్గే వలయం చిన్నదైనప్పుడు నొక్కడం | తక్కువ కష్టంతో కొంచెం టెన్షన్ కావాలంటే |
| మీటర్ | మూడుసార్లు నొక్కడం: మొదలు, బలం, గురి | మధ్యేమార్గం కావాలంటే |
| ప్యూర్ అనలాగ్ | కుడి స్టిక్ కిందికి లాగి, సరైన క్షణంలో పైకి తోయడం | శరీరపు లయ ఇష్టపడేవాళ్లకి |
| పిన్‌పాయింట్ | ఒక్కో బంతికి ఒక్కో గీతని స్టిక్‌తో దిద్దడం | పోటీకి, సాధనకి |

క్లాసిక్ గురించి చెప్పేదేం లేదు. పల్స్ బాగుంటుంది కానీ కొన్నాళ్లకి చేయి యంత్రంలా నొక్కేస్తుంది.

పిన్‌పాయింట్ 2021 ఎడిషన్‌లో వచ్చింది. ఫాస్ట్‌బాల్‌కి చిన్న గీత, కర్వ్‌కి మెలిక తిరిగిన గీత. తెర మీద చూపిన ఆకారాన్ని కుడి స్టిక్‌తో దిద్దాలి, దిద్దే వేగం కుదరాలి, చివర్లో బంతి వదిలే క్షణం, కోణం కుదరాలి. మూడూ పక్కాగా వస్తే బంతి అనుకున్న చోటే పడుతుంది. అలవాటైతే దీని మత్తు వేరు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, బేసులు నిండి ఉండగా, మూలకి స్లైడర్ వేయడానికి వేలు వణుకుతుంది. అది చేతికి తగిలే నిజం, అందులో సందేహం లేదు.

స్కోర్‌కార్డు దగ్గరే ఇబ్బంది. బాగా సాధన చేసినవాడు పిన్‌పాయింట్‌తో ఏ పిచర్‌నైనా గొప్ప పిచర్‌ని చేసేస్తాడు. అసలు లీగ్‌లో మధ్యలో దిగే పిచర్ (రిలీవర్) గురి లేనివాడైతే వరుసగా ముగ్గురికి వాక్ ఇచ్చి మేనేజర్‌కి తలనొప్పి తెప్పిస్తాడు. పిన్‌పాయింట్ చేతిలో పడితే వాడూ అంగుళాల్లో గురి చూసి వేస్తాడు. గేమ్ దీన్ని అదుపు చేయడానికి ప్రయత్నిస్తుంది: పిచర్ అలిసినా, ఒత్తిడిలో పడినా దిద్దడం కష్టమవుతుంది, కంట్రోల్ రేటింగ్ తక్కువైతే బంతి పడే ప్రాంతం పెరుగుతుంది. అయినా మొత్తం మీద మీ వేలిదే పైచేయి. ఫ్రాంచైజీలో పిన్‌పాయింట్‌తో ఆడి, సీజన్ మొత్తం మీద మీ జట్టు వాక్‌లు చూడండి. అసలు జట్లలో ఎవరికీ అంత తక్కువ ఉండవు.

మీటర్ ఇందుకు భిన్నం. గోల్ఫ్ గేముల్లో చూసే మీటరే: మొదటి నొక్కుకి గీత పైకి వెళ్తుంది, పైన నొక్కితే బలం, కిందికి తిరిగొచ్చేటప్పుడు గీత మీద నొక్కితే గురి. అత్యాశకి పోయి బలం ఎక్కువ పెడితే గురి తప్పుతుంది. మీరు తప్పులు చేస్తూనే ఉంటారు, ఎంత అలవాటైనా కొన్ని తప్పుతాయి. ఆ కొన్ని తప్పులే స్కోర్‌కార్డుని నిజం చేస్తాయి. నేను మీటర్ దగ్గరే ఆగిపోయాను.

ప్యూర్ అనలాగ్ అందరూ మర్చిపోయే పద్ధతి. స్టిక్ కిందికి లాగడం పిచర్ చేయి వెనక్కి వెళ్లడం, పైకి తోయడం బంతి వదలడం. పైకి తోసేటప్పుడు ఎడమకో కుడికో వంగితే బంతి కూడా అటే పోతుంది. పిన్‌పాయింట్ అంత గణితం లేదు, మీటర్ అంత లెక్క లేదు. లయ మాత్రం ఉంది. స్టిక్ పాతబడిన కంట్రోలర్‌తో మాత్రం దీనికి, పిన్‌పాయింట్‌కి, జోన్‌కి దూరంగా ఉండండి. వేలు తీసినా పీసీఐ దానంతట అదే పక్కకి జారుతుంటే స్టిక్ పోయినట్టే, తప్పు మీది కాదు.

2023లో మేజర్ లీగ్ పిచ్ క్లాక్ తెచ్చింది. బేసులు ఖాళీగా ఉంటే పిచర్‌కి 15 సెకన్లే గడువు. గేమ్‌లోనూ ఆ గడియారం వచ్చింది. పిన్‌పాయింట్ కొత్తగా నేర్చుకునేటప్పుడు దాన్ని ఆపేసుకోండి. గీత గుర్తుచేసుకోవడం, గడియారం చూడటం రెండూ ఒకేసారి మొదటి వారంలో అవసరం లేదు.

ఫీల్డింగ్: తొందరగా తేల్చేయొచ్చు

త్రోకి నాలుగు బటన్లు నాలుగు బేసులు. ప్లేస్టేషన్‌లో కుడివైపు వలయం బటన్ ఫస్ట్ బేస్, పైన త్రికోణం సెకండ్, ఎడమ చతురస్రం థర్డ్, కింది క్రాస్ హోం. మైదానం ఆకారమే కంట్రోలర్ మీద ఉంది. ఇంత అందంగా కుదిరిన బటన్ల అమరిక వేరే ఏ ఆట గేమ్‌లోనూ నేను చూడలేదు.

మామూలు బటన్ పద్ధతిలో రేటింగే త్రోని నిర్ణయిస్తుంది. 'బటన్ అక్యురసీ'లో చిన్న మీటర్ వస్తుంది, పచ్చ భాగంలో ఆపాలి. ఫీల్డర్ మంచివాడైతే పచ్చ భాగం పెద్దది. చేయి, రేటింగ్ రెండూ సమంగా కలిసిన చోటు ఇదే, కాబట్టి అందరికీ ఇదే చెబుతాను. స్టిక్‌తో త్రో వేసే పద్ధతి కూడా ఉంది, కానీ కంగారులో ఫస్ట్ బేస్‌కి బదులు హోంకి విసిరేస్తాం. ఒక్కసారి అలా జరిగితే చాలు.

కంట్రోల్ కంటే ముందు సరిచేయాల్సినవి

ఇవి సరిగా లేకపోతే ఏ పద్ధతి ఎంచుకున్నా ఉపయోగం లేదు.

టీవీని గేమ్ మోడ్‌లో పెట్టండి. చాలా టీవీల్లో మామూలు పిక్చర్ మోడ్‌లో బొమ్మ సెకనులో పదో వంతు దాకా ఆలస్యంగా కనబడుతుంది. ఫాస్ట్‌బాల్‌కి మీకున్నదే 0.4 సెకను, అందులో పావు భాగం టీవీ తినేస్తుంది. 'నేను ఎప్పుడూ లేటే' అని బాధపడేవాళ్లలో సగం మంది సమస్య ఇదే.

కెమెరా మార్చండి. టీవీలో మ్యాచ్ చూపించే కోణం చూడ్డానికి అందంగా ఉంటుంది, ఆడటానికి పనికిరాదు. బ్యాటింగ్‌కి స్ట్రైక్ జోన్ పేరుతో ఉన్న కెమెరాలు బంతిని దగ్గరగా, పెద్దగా చూపిస్తాయి. ఇది రియలిజానికి విరుద్ధం అని మొదట్లో నేనూ అనుకున్నాను. కానీ అసలు బ్యాటర్ మాత్రం సెంటర్ ఫీల్డ్ వెనక కూర్చుని చూడడు కదా.

కష్టస్థాయిలు బిగినర్ దగ్గర మొదలై రూకీ, వెటరన్, ఆల్‌స్టార్, హాల్ ఆఫ్ ఫేమ్, లెజెండ్ ఇలా పోతాయి. స్థాయి పెరిగే కొద్దీ బంతి వేగంగా వస్తుంది, పీసీఐ చిన్నదవుతుంది. బ్యాటింగ్‌కి ఒకటి, పిచింగ్‌కి ఇంకొకటి పెట్టుకోవచ్చు. 'డైనమిక్' అనే ఎంపిక పెడితే మీ ఆటని చూసి గేమే స్థాయిని పైకి, కిందికి జరుపుతుంది. కొత్తవాళ్లకి ఇంతకంటే మంచి కోచ్ లేడు. ఫ్రాంచైజీ ఆడేవాళ్లు మాత్రం ఒక స్థాయి దగ్గర స్థిరపడ్డాక డైనమిక్ ఆపేయండి, లేకపోతే ఏప్రిల్‌లో కొట్టిన సగటుకి, సెప్టెంబర్‌లో కొట్టిన సగటుకి పోలికే ఉండదు.

సెట్టింగ్‌లలోని స్లైడర్లు (ఇక్కడ బంతి కాదు, జరిపి పెంచి తగ్గించే గీతలు) చివరి మెట్టు. జోన్ పెట్టుకుని మరీ ఎక్కువ కొట్టేస్తుంటే కష్టస్థాయి పెంచే ముందు కాంటాక్ట్, సాలిడ్ హిట్స్ స్లైడర్లు ఒక్కో గడి తగ్గించి చూడండి. కంప్యూటర్ పిచర్ మరీ ఎక్కువ స్ట్రైకులు వేస్తూ మీకు వాక్‌లు రాకపోతే స్ట్రైక్ ఫ్రీక్వెన్సీ తగ్గించండి. ఒకేసారి ఒక్కటే మార్చండి, కనీసం ఐదు మ్యాచ్‌లు ఆడాకే రెండోది ముట్టుకోండి. నేను ఒకేరోజు ఏడు మార్చి, ఏది ఏం చేసిందో తెలీక అన్నీ మొదటికి తెచ్చుకున్నాను.

ద షో ఆడే వీలు లేకపోతే

ఇదంతా ద షో గురించే చెప్పాను, ఎందుకంటే మేజర్ లీగ్ జట్లు, ఆటగాళ్లతో కన్సోల్ మీద లోతుగా ఆడేందుకు ఇప్పుడున్నది అదే. 2021 నుంచి ఎక్స్‌బాక్స్‌కి, 2022 నుంచి నింటెండో స్విచ్‌కి కూడా వస్తోంది. పీసీకి మాత్రం రాలేదు. హైదరాబాద్‌లో ఉండే మా బావమరిది దగ్గర ఉన్నది ల్యాప్‌టాప్, ఫోన్. వాడి లాంటివాళ్లకి దారులు వేరు.

పీసీలో మొదట చూడాల్సింది సూపర్ మెగా బేస్‌బాల్ 4, 2023లో వచ్చింది. బొమ్మలు కార్టూన్‌లా, తలలు పెద్దగా ఉంటాయి కాబట్టి జోక్ గేమ్ అనుకుంటారు. బంతి, బ్యాట్ కలిసే తీరు మాత్రం చాలా శ్రద్ధగా చేశారు. బ్యాటింగ్‌లో గురి గుర్తు జరపాలి, పవర్ స్వింగ్‌కి బటన్ పట్టి ఉంచి వదలాలి. పిచింగ్‌లో జారిపోయే గుర్తుని లక్ష్యం మీదకి తేవాలి. కష్టస్థాయికి 'ఈగో' అని పేరు పెట్టి 0 నుంచి 99 దాకా ఇచ్చారు. ఆరేడు మెట్ల కంటే ఇది నయం, మీకు సరిపోయే అంకె కచ్చితంగా దొరుకుతుంది. మేజర్ లీగ్ జట్లు ఉండవు, డేవిడ్ ఓర్టీజ్ లాంటి మాజీలు ఉంటారు. చేతికి నిజం కావాలి, అసలు పేర్లు లేకపోయినా పర్లేదు అంటే ఇదే.

స్కోర్‌కార్డు నిజమే ముఖ్యం అనేవాళ్లకి అవుట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్. ఇందులో కంట్రోల్సే లేవు. మీరు మేనేజర్, జనరల్ మేనేజర్. లైనప్ రాయాలి, పిచర్‌ని ఎప్పుడు మార్చాలో చెప్పాలి, జీతాలు, ట్రేడ్‌లు చూసుకోవాలి. 1871 నాటి సీజన్ల నుంచి మొదలుపెట్టి ఆడుకోవచ్చు. క్రికెట్ స్కోర్‌బోర్డు చూస్తూ లెక్కలు వేసుకునే పిచ్చి మీకుంటే జాగ్రత్త, రాత్రి రెండైపోతుంది.

కొనామీ వారి పవర్ ప్రోస్ 2023 ఫిబ్రవరిలో స్విచ్, ప్లేస్టేషన్ 4లకి 99 సెంట్ల ధరకి వచ్చింది. చేతులు, కాళ్లు అతికీ అతకనట్టు ఉండే చిట్టి బొమ్మలు, జపాన్‌లో 1994 నుంచి నడుస్తున్న సిరీస్. బ్యాట్ గుర్తుని జరిపి కొట్టడం ఇందులోనూ ఉంటుంది కాబట్టి, జోన్ మీ చేతికి పట్టుబడుతుందో లేదో చూసుకోవడానికి ఇంత చవకైన దారి లేదు. ఫోన్ ఒక్కటే ఉంటే అదే కంపెనీ 2024లో తెచ్చిన ఎంఎల్‌బీ ప్రో స్పిరిట్ చూడండి, జపాన్ నుంచి వచ్చిన మేజర్ లీగ్ స్టార్ షోహే ఒహ్తానీ ప్రచారం చేసింది దానికే. వేలి కింద బంతి కనబడకుండా పోతుంది, అది ఫోన్‌కి తప్పని తిప్పలు.

చిన్నపిల్లలకి పీసీలో బ్యాక్‌యార్డ్ బేస్‌బాల్ '97 మళ్లీ 2024లో విడుదలైంది. మౌస్ చాలు. నింటెండో వారి పాత వీ (Wii) కన్సోల్ ఇంట్లో ఉంటే 2006 నాటి వీ స్పోర్ట్స్‌లో రిమోట్‌ని బ్యాట్‌లా ఊపొచ్చు. మూడు ఇన్నింగ్స్‌లే, ఫీల్డింగ్ దానంతట అదే జరిగిపోతుంది. నిజంగా చెయ్యి ఊపేది అందులోనే అయినా, స్కోర్‌కార్డు గురించి మాట్లాడకపోవడం మంచిది.

మీరు ఎవరైతే ఏది

బేస్‌బాల్ నియమాలే కొత్త అయితే డైరెక్షనల్, క్లాసిక్ లేదా పల్స్, మామూలు బటన్ త్రోలు, డైనమిక్ కష్టస్థాయి. వాక్ అంటే ఏమిటో, కౌంట్ అంటే ఏమిటో మెదడుకి ఎక్కాక ఒక్కొక్కటే పెంచుకోండి. ముందు పిచింగ్‌ని మీటర్‌కి మార్చండి, జోన్‌ని చివరికి ఉంచుకోండి. పిచింగ్‌లో తొందర లేదు కాబట్టి చెయ్యి ముందు అక్కడే కుదురుతుంది. అదీగాక పిచర్‌గా ఆలోచించడం నేర్చుకుంటే బ్యాటర్‌గా ఏమొస్తుందో ఊహించడం వస్తుంది.

ఆన్‌లైన్‌లో ర్యాంక్ కోసం ఆడాలంటే జోన్, పిన్‌పాయింట్ తప్పవు, ఎదుటివాళ్లు అవే పెట్టుకుని వస్తారు. అక్కడ స్కోర్‌కార్డు నిజం గురించి ఆలోచించకండి. కొత్త ఎడిషనే కొనండి, పాతవాటి ఆన్‌లైన్ సర్వర్లు కొన్నేళ్లకి ఆపేస్తారు. ఒంటరిగా ఫ్రాంచైజీ ఆడేవాళ్లకైతే పాత ఎడిషన్ తక్కువ ధరకి దొరికినా నష్టం లేదు.

ఒకే ఆటగాడి జీవితం నడిపే 'రోడ్ టు ద షో' ఇష్టమైతే జోన్ పెట్టండి. అక్కడ ఆటగాడు మీరే, మీ చేయి మెరుగవడం, అతని రేటింగ్ పెరగడం కలిసే సాగుతాయి. రెండు నిజాలూ ఒకే చోట కుదిరే మోడ్ అదొక్కటే.

బొటనవేలు నొప్పి, మణికట్టు నొప్పి ఉన్నవాళ్లు పిన్‌పాయింట్ జోలికి పోకండి. ఒక మ్యాచ్‌లో వంద దాటి బంతులు వేస్తారు, వందసార్లు మెలికలు దిద్దాలి. మీటర్‌లో ఒక్క వేలితో అయిపోతుంది.

మా ఇంట్లో ఇప్పుడు ఒకే కన్సోల్‌లో రెండు ప్రొఫైళ్లు. మా అబ్బాయిది జోన్, పిన్‌పాయింట్, హాల్ ఆఫ్ ఫేమ్. నాది ఫ్రాంచైజీకి డైరెక్షనల్, మీటర్, బటన్ అక్యురసీ, ఆల్‌స్టార్. ఎదురెదురుగా ఆడితే వాడే గెలుస్తాడు, మొన్న 8-1. నా ఫ్రాంచైజీలో మాత్రం ఐదో స్టార్టర్ (వంతులవారీగా మ్యాచ్ మొదలుపెట్టే పిచర్లలో ఐదోవాడు) వారానికోసారి వాక్‌లు ఇచ్చి ఇన్నింగ్స్ పాడుచేస్తాడు. వాడిని ట్రేడ్ చేయాలా, ఇంకో సీజన్ చూడాలా అని ఆఫీసుకి వెళ్తూ కారులో కూడా ఆలోచిస్తున్నాను.